భీమిలా, కళింగపట్నమా: పాత రేవు చూడాలంటే ఏది మేలు?

చేతిలో ఒక్క పూటే ఉంటే భీమిలి. రోజంతా ఉండి, సొంత బండి కూడా ఉంటే కళింగపట్నం. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే మాత్రం రోడ్డే మిగులుతుంది.

రెండూ ఒకప్పుడు గట్టిగా నడిచిన రేవులే. ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. లోతు నీళ్లలో లంగరు వేస్తే పడవల మీద సరుకు దించేవారు. గోస్తనీ, వంశధార మొగల్లో ఇసుక మేటలు, ఊరికి ఎడంగా పోయిన రైలు మార్గం, 1933లో మొదలైన విశాఖ హార్బరు, అన్నీ కలిసి వాటి వ్యాపారం లాగేసుకున్నాయి.

భీమిలి విశాఖ నుంచి ముప్ఫై కిలోమీటర్ల లోపే. ఆర్టీసీ బస్సు ఎక్కేముందు బీచ్ రోడ్డు మీదుగా వెళ్లేదో కాదో అడగండి. తగరపువలస వైపు తిరిగి వెళ్లేది ఎక్కితే బౌద్ధ శిథిలాలున్న తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు తగలవు. పావురాళ్లకొండ ఎక్కాలనుకుంటే పొద్దున ఎనిమిదిలోపు కానిచ్చేయాలి, ఆ తర్వాత ఎండ నిలవనివ్వదు. కొండ దిగాక డచ్చివారి సమాధులు. సూదిగా పైకి లేచిన కట్టడాల కింద 17, 18 శతాబ్దాల రాతి పలకలున్నాయి. వాటి మీద అక్షరాలు బాగా అరిగాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చూస్తే ఉత్త రాయిలాగే కనిపిస్తుంది. ఏటవాలు ఎండలో చెక్కిన గీతల్లో నీడ పడి చదవడానికి వీలవుతుంది. అక్షరాలు తేలాలని సుద్దముక్క రుద్దేవాళ్లుంటారు, దయచేసి ఆ పని చేయకండి. గేటుకు తాళం ఉంటే దగ్గరలో అడిగి చూడండి.

ఎర్రమట్టి దిబ్బలు తిరుగు ప్రయాణంలో, నాలుగు దాటాక చూస్తే రంగు బాగుంటుంది. అది గట్టి మట్టి కాదు, ఇనుము తుప్పు పట్టిన ఇసుక. వాన నీరు కోసిన గోడలు కింద తొలుచుకుపోయి, పైన చూరులా నిలిచి ఉంటాయి. అందుకే అంచున నిలబడి ఫొటో దిగడం, గోడ కింద నీడకు కూర్చోవడం రెండూ ప్రమాదమే. నీళ్లు మీరే తీసుకెళ్లాలి. వేయించిన వంజరం, రొయ్యలు కావాలంటే భీమిలి ఒడ్డునే తినేయండి.

కళింగపట్నం సంగతి వేరు. శ్రీకాకుళం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, అంటే ఆమదాలవలసలో దిగాలి. ఊళ్లో చూడ్డానికి దీపస్తంభం, పాత గిడ్డంగుల ఆనవాళ్లు, విశాలమైన ఒడ్డు, అంతే. వాటి కోసమే అంత దూరం వెళ్లమని చెప్పను. అసలు సరుకు దారిలోని శాలిహుండంలో ఉంది. వంశధార గట్టున కొండ మీద బౌద్ధుల నాటి ఇటుక స్తూపాలు, చైత్యాలు (ప్రార్థన మందిరాలు) ఉన్నాయి. 1919లో వీటిని వెలుగులోకి తెచ్చింది వ్యావహారిక భాష కోసం పోరాడిన మన గిడుగు రామమూర్తిగారే. పైనుంచి కింద నది కనిపిస్తుంది, భిక్షువులు ఇక్కడే ఎందుకు చేరారో అక్కడ నిలబడితే చెప్పక్కర్లేదు. అరసవల్లి, శ్రీకూర్మం పొద్దున్నే ముగించి, ఎండ తగ్గాక శాలిహుండం, చివర్న సముద్రం పెట్టుకోండి. మధ్యాహ్నం శ్రీకూర్మం చేరితే గుడి తలుపులు మూసి ఉండొచ్చు. ఆదివారం అరసవల్లిలో రద్దీ ఉంటుంది, మాఘమాసంలో అయితే మరీను. భోజనం శ్రీకాకుళంలోనే కానిచ్చి బయల్దేరండి.

ఈత విషయంలో రెండింటికీ ఒకటే మాట: నది మొగలో దిగొద్దు. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నది నీరంతా సన్నటి సందులోంచి సముద్రంలోకి లాగుతుంది. మోకాలి లోతే కదా అని దిగితే కాళ్ల కింద ఇసుక జారిపోతుంది.

అక్టోబరు, నవంబరుల్లో వెళ్తే ముందు వార్తలు వినండి. ఓడలు రాకపోయినా ఈ రెండు రేవుల్లో తుపాను హెచ్చరికలు ఇప్పటికీ ఎగురవేస్తున్నారు. మూడో నంబరు హెచ్చరిక పెట్టారంటే ఆ వారం మానుకోండి.