దసరా దావత్‌లో మందు మానినోళ్ల గ్లాసు: నీరా, జీరో బీరు, సోడా, బత్తాయి రసం – ఏది పనికొస్తుంది?

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో దసరా అంటే సుక్కా ముక్కా. జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నాక ఏ ఇంట్లో కూర్చున్నా గ్లాసు ముందుకొస్తుంది. ఆ తర్వాత దీపావళి, కురుమూర్తి జాతర, క్రిస్మస్, డిసెంబర్ 31, సంక్రాంతి. మందు మానిన మనిషికి ఈ మూడు నెలలూ ఒకటే ప్రశ్న: అందరి చేతిలో గ్లాసు ఉంటే, నా చేతిలో ఏముండాలి? దానికి జవాబుగా దుకాణాల్లో, ఊళ్లలో దొరికేవాటినే ఇక్కడ తూకం వేస్తున్నాం.

చాలామంది లేబుల్ మీది ఆల్కహాలు శాతం చూసి నిర్ణయం తీసుకుంటారు. అది రెండో సంగతి. మొదట చూడాల్సింది, ఆ పానీయం పాత అలవాటును ఎంత గుర్తుచేస్తుందన్నది. వాసన, సీసా, నురగ, కూర్చునే చోటు, పక్కన పల్లీలు – మెదడు వీటన్నిటినీ కలిపి గుర్తుపెట్టుకుంటుంది. యావ పుట్టడానికి లోపల ఆల్కహాలే పడనక్కర్లేదు, దాని గుర్తులు చాలు. ఈ లెక్కన చూస్తే ఆరోగ్యకరమని పేరున్నవి కొన్ని తప్పుతాయి, ఎవరూ పట్టించుకోనివి కొన్ని గట్టెక్కుతాయి.

నీరాతో మొదలుపెడదాం. తాటి, ఈత చెట్టు గీత నుంచి కారే తియ్యటి రసం పులియకముందు నీరా, పులిశాక కల్లు. ఈ రెంటి మధ్య దూరం కొన్ని గంటలే. లొట్టిలో (చెట్టుకు కట్టే కుండలో) నిన్నటి కల్లు తడి మిగిలినా చాలు, అందులోని ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగా మార్చడం మొదలుపెడుతుంది. అందుకే నీరా కోసం లొట్టి లోపల సున్నం పూస్తారు, పొద్దెక్కకముందే దించుతారు, 4 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచుతారు. ఈ మూడింటిలో ఒకటి తప్పినా మధ్యాహ్నానికి అది నీరా కాదు. తేటగా, తియ్యగా, వాసన లేకుండా ఉంటే నీరా. పాలలా తెల్లబడి, అంచున నురగ కట్టి, పుల్లటి వాసన వస్తే కల్లే, అమ్మేవాళ్లు ఏ పేరు పెట్టినా సరే. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ పెట్టినప్పటి నుంచి దీనికి మంచి పేరొచ్చింది. చల్లగా ఉంచి అమ్మేచోట రుచి బాగుంటుంది, మామూలు జనానికి నిస్సందేహంగా మంచి పానీయం.

కల్లు మానిన మనిషికి మాత్రం వద్దు. అదే చెట్టు, అదే లొట్టి, పోసేది అదే గౌడన్న. 'నీరా తాగొస్తా' అని ఈతవనం దాకా పోయినవాళ్లకు పక్క లొట్టి దూరం కాదు. బీరు, విస్కీ మాత్రమే అలవాటై కల్లు రుచి ఎరగనివాళ్లు సీలు వేసిన చల్లటి సీసా కొనుక్కుని ఇంట్లో తాగితే ఇబ్బంది తక్కువ. తాగుడు మానడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రలు వాడేవాళ్లకు మాత్రం అదీ కుదరదు. వాటి సంగతి కిందికి వస్తుంది.

కల్లు దగ్గరకొచ్చాం కాబట్టి ఇంకో మాట చెప్పాలి. 'మందు మానిండు, కల్లయితే ఏం కాదు, చెట్టు నీళ్లే కదా' అని ఇంటి పెద్దలే పోసే ఊళ్లు మన దగ్గర తక్కువేం కాదు. పులిసిన కల్లులో సుమారు 4 నుంచి 6 శాతం ఆల్కహాలు ఉంటుంది, అంటే బీరుకు ఏమీ తీసిపోదు. పైగా కల్లు కంపౌండ్లలో (కల్లు అమ్మే దుకాణాల్లో) దొరికేదాంట్లో చాలాసార్లు చెట్టు కల్లు కొంచెమే, మిగతాది నీళ్లు, శాకరిన్, మత్తుకోసం అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్. కల్తీ కల్లుకు అలవాటైన శరీరం ఆల్కహాలుకే కాదు, మత్తుమాత్రలకు కూడా అలవాటుపడుతుంది. అలాంటి మనిషి పండుగ ముందు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడవచ్చు, లేనివి వినబడవచ్చు. కొన్ని నెలలు మానినవాళ్లకు ప్రమాదం వేరేవైపు నుంచి ఉంటుంది. తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది, పాత లెక్కలో సీసాలు ఎత్తితే ఊపిరే మందగించవచ్చు. అమ్మవారికి శాక పోయడం ఇంటి ఆచారమైతే కల్లు తెచ్చే పని, పోసే పని తమ్ముడికో బావకో అప్పజెప్పాలి. మొక్కు తీరుతుంది, చేతికి వాసన అంటదు.

ఇక జీరో బీరు. 0.0 అని రాసినవి, 'నాన్ ఆల్కహాలిక్' అని రాసినవి ఒకటి కావు. రెండోవాటిలో 0.5 శాతం దాకా ఆల్కహాలు ఉండవచ్చు. అంత తక్కువకు ఎవరికీ మత్తెక్కదు. చిక్కు రుచితోనే. హాప్స్ అనే పువ్వుల చేదు, చల్లటి డబ్బా మూత తెరిచిన చప్పుడు, నురగ – అన్నీ బీరువే, మత్తు ఒక్కటే లేదు. రెండు డబ్బాలయ్యాక మెదడు ఆ మిగిలిన ఒక్కటి అడుగుతుంది. మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. ఏళ్ల తరబడి మానేసి, బీరు అసలు తన ఇష్టపానీయం కాని మనిషి ఎప్పుడో ఒకటి తాగితే కొంప మునగకపోవచ్చు. కానీ దావత్‌లో అదే రంగు డబ్బాల మధ్య పెడితే, మూడో రౌండుకు ఎవరి డబ్బా ఎవరి చేతిలో ఉందో ఎవరికీ తెలియదు. డబ్బు పెట్టి కొనాల్సిన వస్తువు కాదు.

అందరూ సేఫ్ అనుకునే సోడా నిజానికి అంత సేఫ్ కాదు. విస్కీ తాగినవాళ్లకు సోడా మందులో సగభాగం. నీళ్ల బాటిల్, సోడా, ఐసు, ఉడకబెట్టిన శనగలు, ఉల్లిగడ్డ ముక్కలు కలిపి ముందు పెడితే ఒక్క క్వార్టర్ తప్ప అంతా ఉన్నట్టే. అదే సోడాలో నిమ్మకాయ పిండి, ఉప్పు, కాస్త జీలకర్ర పొడి వేసి, స్టీలు గ్లాసులో తాగితే మనిషికి వేరే పానీయంలా అనిపిస్తుంది. గాజు గ్లాసు వద్దు. చిన్న మార్పే, ఫలితం పెద్దది.

కూల్ డ్రింకులు ఒకటి తాగొచ్చు, రోజంతా తాగేవి కావు. 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. మందు మానినవాళ్లకు తీపి మీద యావ మామూలుగానే ఎక్కువ. తాగుడుతో కాలేయంలో కొవ్వు చేరినవాళ్లకు, పాంక్రియాస్ దెబ్బతిన్నవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఇది కొత్త సమస్య. ఎనర్జీ డ్రింకులు ఇంకా దారుణం. 250 మిల్లీలీటర్ల డబ్బాలో సుమారు 75 మిల్లీగ్రాముల కెఫీన్. మానిన మొదటి నెలల్లో నిద్ర అసలే పలచగా ఉంటుంది. సాయంత్రం ఒకటి తాగితే రాత్రి రెండింటికి మెలకువ, గుండె దడ, ఆ దడను తగ్గించడానికి ఏం చేయాలో పాత అలవాటుకు బాగా తెలుసు.

మన జిల్లాలో పుట్టింది, మన అవసరానికి సరిగ్గా సరిపోయేది నల్లగొండ బత్తాయి. దసరా రోజుల్లో తోట కాయ మార్కెట్లో ఉంటుంది. ఏ బాటిల్‌ను పోలదు, ఏ బెల్టు షాపునూ గుర్తుచేయదు, చుట్టాల ముందు పెట్టినా గౌరవంగానే ఉంటుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు మధ్యస్థం కాయలు మూడు పడతాయి. రెండు జాగ్రత్తలు. గింజలు, తెల్లతొక్క నలిగితే రసం చేదవుతుంది, అందుకని మిక్సీలో తిప్పకుండా చేత్తోనో పిండే యంత్రంతోనో తీయాలి. బాగా తీసిన రసం కూడా నిలవ ఉంటే చేదెక్కుతుంది, కాబట్టి పొద్దున తీసి సాయంత్రానికి ఫ్రిజ్‌లో పెట్టొద్దు. చక్కెర వేయొద్దు, చిటికెడు ఉప్పు, మిరియాల పొడి చాలు. షుగర్ ఉన్నవాళ్లు రసం బదులు తొనలు తినాలి. మటన్ దావత్‌కు ముందు ఒక గ్లాసు తాగితే ఆకలి కూడా కాస్త చల్లబడుతుంది. ఆకలి మీద ఉన్న మనిషికి యావ తొందరగా పుడుతుంది.

అన్నం దగ్గర మజ్జిగే రాజు. అల్లం, కరివేపాకు, ఉప్పు వేసిన పలచటి మజ్జిగ లీటరు తాగినా నష్టం లేదు, ఎవరూ 'ఇదేంది' అని అడగరు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు మానేస్తే చాలు.

చాలా ఇళ్లలో తెలియక జరిగే పొరపాటు ఔషధాల సీసాలతో వస్తుంది. ద్రాక్షాసవం, దశమూలారిష్టం లాంటి ఆయుర్వేద ఆసవ అరిష్టాలలో పులియడం వల్ల తయారైన ఆల్కహాలు 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది, సీసా మీద రాసే ఉంటుంది. కొన్ని దగ్గు సిరప్‌లలో, హోమియో చుక్కలలో కూడా ఆల్కహాలు ఉంటుంది. క్రిస్మస్ కేకు రమ్‌లో నానబెట్టిన పండ్లతో చేసిందో కాదో అడిగి తినాలి.

ఈ జాగ్రత్తలన్నీ ముఖ్యంగా డైసల్ఫిరామ్ వాడేవాళ్ల కోసం. ఈ మాత్రను చాలామంది 'మందు మాన్పించే గోలి' అంటారు, ఆ పేరే తప్పుదారి పట్టిస్తుంది. ఇది యావను తగ్గించదు. ఆల్కహాలు కాలేయంలో ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది, మామూలుగా ఒక ఎంజైమ్ దాన్ని వెంటనే విరగ్గొడుతుంది. డైసల్ఫిరామ్ ఆ ఎంజైమ్‌ను ఆపేస్తుంది. అప్పుడు ఒక్క గుక్క తాగినా పావుగంట, అరగంటలో ముఖం ఎర్రబడి, తలపోటు, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. గుండెజబ్బు ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి రావచ్చు. అందుకే డాక్టర్ కాలేయం పరీక్ష చేయించి, చివరిసారి తాగి కనీసం 12 గంటలు గడిచాకే మొదలుపెడతారు. రోజుకు 250 మిల్లీగ్రాములు మామూలు మోతాదు. తన ఇష్టంతో, ఇంట్లో ఒకరి కళ్లముందు రోజూ వేసుకునే మనిషికి పండుగ సీజన్‌లో దీనంత గట్టి అండ లేదు. పొద్దున గోలి వేసుకుంటే ఆ రోజంతా 'తాగాలా వద్దా' అన్న ప్రశ్నే రాదు.

తెలియకుండా కూరలో, చాయ్‌లో కలిపి ఇవ్వడం మాత్రం నేరంతో సమానం. ఆ మనిషి తెలియక క్వార్టర్ ఎత్తితే పడిపోయేది ఇంట్లోనే. లోపల ఏముందో రాయకుండా అమ్మే 'తాగుడు మాన్పించే పొడి' కూడా ఇంతే, ఎవరు అమ్మినా కొనొద్దు. ఇంకో సంగతి: మాత్ర ఆపినా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు. కాబట్టి దసరాకు పది పదిహేను రోజుల ముందు 'కడుపులో మంట' అని మాత్ర ఆపేశాడంటే ఇంట్లోవాళ్లు గొడవపడకుండా డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. మంట నిజమే కావచ్చు, పండుగ ప్లానూ కావచ్చు. దావత్ తర్వాత విరేచనాలు పట్టుకుంటే ఊళ్లో ఇచ్చే మెట్రోనిడజోల్‌ను డైసల్ఫిరామ్‌తో కలిపి వాడకూడదు, మతి తప్పే ప్రమాదం ఉంది. వైద్యం చేసేవారికి ముందే చెప్పాలి. యావ ఎక్కువగా ఉండేవాళ్లకు నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వేరే దారులు, అవీ డాక్టర్ చూసి ఇచ్చేవే.

పండుగ రోజు ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ ఉండదు. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో, బీబీనగర్ ఎయిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. సద్దుల బతుకమ్మకు వారం ముందే పోయి మాత్రలు తెచ్చుకుంటే మధ్యలో ఖాళీ పడదు.

ఓపీ లేనిరోజు పనికొచ్చే సేవ టెలీ మానస్. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది, నంబరు 14416, రాత్రీపగలూ ఉచితం, తెలుగు ఎంచుకోవచ్చు. మొదట కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు. దీనికి సరైన వేళ, గ్లాసు ముట్టక ముందు. యావ అల సాధారణంగా పావుగంట నుంచి అరగంటలో దిగిపోతుంది, ఆ సమయం మాటల్లో గడిచిపోతే పని అయినట్టే. తాగి ఉన్న మనిషికి ఫోన్‌లో నచ్చజెప్పించాలని ఇంట్లోవాళ్లు చేస్తే ఉపయోగం తక్కువ. ఫోన్ మీద మాత్రలు ఇంటికి రావు, ఎవరూ వచ్చి తీసుకుపోరు. డ్రగ్స్, మత్తు అలవాట్లకు వేరుగా 14446 ఉంది.

2025లో దసరా, గాంధీ జయంతి ఒకేరోజు పడ్డాయి. దుకాణాలు బంద్ కాబట్టి తాగేవాళ్లు ముందురోజే కొని ఇంట్లో పెట్టుకున్నారు. డ్రై డే అని నిశ్చింతగా ఉండటానికి లేదు, అలాంటి రోజు సీసా దుకాణంలో కాకుండా బావగారి ఫ్రిజ్‌లో ఉంటుంది. పోవాల్సిన ఇళ్లకు పాలపిట్టను చూసొచ్చిన వెంటనే పోవడం, జమ్మి ఇచ్చి ఎక్కువసేపు కూర్చోకుండా సొంత బండి మీద తిరిగిరావడం, మటన్ వండే పని మీద వేసుకోవడం – ఇవి ఏ పానీయం కన్నా ఎక్కువ పనిచేస్తాయి. 'ఒక్క పెగ్గే బావా' అన్నప్పుడు 'ఇయ్యాల వద్దు' అంటే రేపటికి పిలుపు ఖాయం. 'గోలీలు ఏసుకుంటున్న బావా, తాగితే దవాఖానల పడ్తా' అంటే రెండోసారి ఎవరూ పోయరు.

ఒకవేళ గ్లాసు ఎత్తేస్తే: డైసల్ఫిరామ్ మీద ఉండి తాగినవాళ్లకు దడ, కళ్లు తిరగడం మొదలైతే 108కి ఫోన్ చేయాలి, పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టాలి, మాత్ర పేరు చెప్పాలి. మాత్ర లేనివాళ్లు ఒక్కపూట తాగితే బండి తాళం ఇంట్లోవాళ్లకిచ్చి, అన్నం తిని పడుకుని, మర్నాడు ఓపీకి పోవాలి. మూడు నాలుగు రోజులు వరసగా తాగినవాళ్లు మాత్రం ఇంట్లో సొంతంగా ఆపకూడదు. చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 12 గంటల్లో వణుకు, రెండు రోజుల్లోపు ఫిట్స్, రెండు మూడు రోజులకు మతిభ్రమ రావచ్చు. ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కించేముందు బి1 విటమిన్ సూది ఇవ్వాలి, అందుకని 'నీరసంగా ఉన్నాడు, ఒక సెలైన్ పెట్టండి' అని ఊళ్లో అడక్కుండా, రోజూ తాగాడన్న మాట దాచకుండా చెప్పి పెద్ద దవాఖానకే తీసుకుపోవాలి.