పీహెచ్‌క్యూ-9 ఫారం: వడపోతకు సరే, జబ్బు పేరు పెట్టడానికి కాదు

డిప్రెషన్ ఉందేమో చూడ్డానికి ఓపీల్లో, క్యాంపుల్లో నింపించే ఒక పేజీ ఫారం ఇది. పైసా ఖర్చు లేదు. గత రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది, ఆపైన వస్తే డాక్టరు కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాలి. ఆ వడపోతకు ఇది చాలా మంచి ఫారం.

నల్గొండ దిక్కు తేడా కొట్టేది నిద్ర, అలసట లాంటి ఒంటి బాధల ప్రశ్నల దగ్గర. మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్‌తో కీళ్లు పట్టేసిన మనిషి నిద్రకు 3, అలసటకు 3, ఆకలికి 2, ధ్యాసకు 2 చెబితే పది అయిపోయింది. ఆసక్తి, దిగులు అడిగే మొదటి రెండింటికీ సున్నాలే! ఆ పదిని చూసి డిప్రెషన్ అని రాయకూడదు. ఆ రెండింట్లో ఒక్కటైనా 2 ఉందా అని ముందు చూడాలి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలూ చేయించాలి.

దీనికి జీఏడీ-7 (యాంగ్జైటీని, అంటే గాబరాను కొలిచే ఏడు ప్రశ్నల ఫారం) జోడించి, రెండింట్లో ఓ మోస్తరు మార్కులొస్తే చీటీ మీద 'మిక్స్‌డ్ యాంగ్జైటీ డిప్రెషన్' అని రాసేయడం మరీ తొందరపాటు. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం మానసిక జబ్బుల పుస్తకం డీఎస్‌ఎం-5లో చేర్చాలని ఆ పేరును ప్రతిపాదించారు. ఫీల్డ్ ట్రయల్స్‌లో ఒకే పేషెంటును ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగా చూస్తే మాట కలవలేదు, ఇద్దరి మాట ఎంత కలిసిందో చెప్పే లెక్క, కప్పా, సున్నా దగ్గరే ఉండిపోయింది. 2013లో వచ్చిన పుస్తకంలో దానికి చోటు దక్కలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 మాత్రం 6ఏ73 కోడ్‌తో ఉంచింది. గాబరా, గుండె దడ, 'పానం మంచిగ లేదు' అంటూ వచ్చేవాళ్ల బాధ నిజమే కాబట్టి ఆ పేరు ఉండాలనే వాదననూ కొట్టేయలేం. అయినా పేరు కంటే లక్షణాలు రాసి, రెండు నుంచి నాలుగు వారాలకు మళ్లీ ఫారం నింపించడమే మేలు. కొందరికి తగ్గిపోతుంది, కొందరికి డిప్రెషనో యాంగ్జైటీయో తేటపడుతుంది.

చదువు రానివాళ్లకు ఫారంలో 2 మార్కుల జవాబైన 'సగానికి పైగా రోజులు' అంటే అందదు. "పద్నాలుగు దినాల్ల ఎన్ని దినాలమ్మా?" అని అడగాలి; ఏడు దాటితే 2, దాదాపు రోజూ అంటే 3. కొడుకో కోడలో పక్కనుంటే చావు ఆలోచనల మీద ఉన్న తొమ్మిదో ప్రశ్నకు సున్నానే వస్తుంది, వాళ్లను కాసేపు బయట కూర్చోబెట్టాలి. అక్కడ 1 వచ్చినా మొత్తం ఎంతైందని చూడొద్దు. అదే రోజు డాక్టరుకు చూపించి, ఇంట్లోని పురుగుమందు వేరేచోటికి తరలించమని ఇంటివాళ్లకు చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు రాసివ్వాలి.