వంజంగిలో మొదటి రాత్రి: పరుపని చెప్పి ఫ్లెక్సీ వేశారు

మనిషికి 1,499 రూపాయలు. ముగ్గురికి 4,497. ఇంత పోస్తే మా గుడారంలో పరిచింది ఒక పాత ఫ్లెక్సీ. దాని మీద ఎవరో కుర్రాడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని చేతులు జోడించి నవ్వుతున్నాడు. కింద 'జన్మదిన శుభాకాంక్షలు' అని ఎర్రటి అక్షరాలు. డిసెంబరు నెల, పాడేరు ఏజెన్సీ, రాత్రి తొమ్మిది. సరిగ్గా ఆ 'జన్మదిన' మీద నడుం వాల్చాను. రెండు నిమిషాలకి వెన్ను మంచుముక్కైపోయింది. ఇది రాయడానికి కారణం ఆ రెండు నిమిషాలే.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు 43 ఏళ్ళు, ఉండేది విశాఖలో, మురళీనగర్ వైపు. సింహాచలం గిరిప్రదక్షిణ రెండుసార్లు పూర్తి చేశాను. 32 కిలోమీటర్లు నడిచినవాడికి, తెల్లవారుజామున మేఘాలు చూడ్డానికి జనం ఎక్కే ఈ వంజంగి కొండ ఓ లెక్కా అనుకున్నాను. అయితే గిరిప్రదక్షిణ తారు రోడ్డు మీద. వీపున బరువుండదు, దారి పొడుగునా ఎవరో ఒకరు మజ్జిగ ప్యాకెట్టు చేతిలో పెడుతూనే ఉంటారు. ఆ ధీమా ఎంత ఉత్తిదో మాధవధార మెట్ల దగ్గరే తెలిసింది. ప్రాక్టీసు చేద్దామని బ్యాగులో పది కిలోల బియ్యం బస్తా పెట్టుకుని మాధవధార నుంచి సింహాచలం వెళ్ళే కొండదారి పట్టాను. సగం దూరం పోకముందే రెండు భుజాలూ కోసేసినట్టయ్యాయి. దిగొస్తున్న ఒక కుర్రాడు నన్ను చూసి, "నడుం బెల్టు బిగించండి సార్, బరువు తుంటి మీదుండాలి, భుజాల మీద కాదు" అని తనే బిగించి వెళ్ళాడు. అప్పటిదాకా ఆ బెల్టు ఎందుకుందో నాకు తెలీదు, వేలాడుతుంటే ముడేసి పక్కన పడేశాను.

తోడొచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకడు మా బామ్మర్ది, పాతికేళ్ళు, ప్రతిదానికీ "ఏటి బావా ఇది" అంటాడు. రెండోవారు మా ఎదురింటి మాస్టారు, రిటైరై మూడేళ్ళైంది, మనిషి సన్నగా గెడకర్రలా ఉంటారు. బ్యాగు బరువు మన బరువులో ఐదో వంతు దాటకూడదంటారు కదా, అందుకని బయల్దేరే ముందురోజు ముగ్గురం మా హాల్లో కాటా పెట్టుకుని కూర్చున్నాం. నాది 14.6 కిలోలు వచ్చింది. మాస్టారిది ఏడున్నర. బామ్మర్దిది 17! విప్పి చూస్తే ఐదు లీటర్ల నీళ్ళ డబ్బా, రెండు పవర్ బ్యాంకులు, ఒక స్పీకరు, అడుగున దోసె పెనం. "కొండ మీద వేడివేడి దోసెలు బావా" అన్నాడు. గ్యాసు డబ్బా బస్సెక్కించనివ్వరు, అడవిలో మంట పెట్టకూడదు, మరి పెనం ఏం చేసుకుంటావంటే అలిగి బాల్కనీలోకి పోయాడు.

నా బ్యాగు తగ్గించే పనిలోనే అసలు తప్పు చేశాను. జీన్సు తీసేశాను, మంచిదే, తడిస్తే అది రెండు రోజులైనా ఆరదు. రెండో తువ్వాలు తీసేశాను. ఇంకా కిలో దిగాలి. మా ఆవిడ యోగా చేసుకునే మందపాటి ఫోమ్ చాప ఒకటి చుట్టి పెట్టుకున్నాను. క్యాంపు నడిపే ఆయనకి ఫోన్ చేసి అడిగితే, "టెంటు, పరుపు, క్యాంప్‌ఫైర్, రాత్రికి బొంగులో చికెన్, పొద్దున్న టిఫిను, అన్నీ ప్యాకేజీలోనే సార్, స్లీపింగ్ బ్యాగు ఒక్కటీ తెచ్చుకోండి చాలు" అన్నాడు. చాప తీసి మంచం కింద పెట్టేశాను. నేను పెట్టానని మిగతా ఇద్దరూ పెట్టేశారు.

స్లీపింగ్ బ్యాగులు ఎంవీపీ కాలనీలో ఒకచోట అద్దెకి తెచ్చాం, రోజుకి 150 చొప్పున. కొనాల్సిన పని లేదు, మొదటిసారికి అద్దే నయం. పొద్దున్నే ఆర్టీసీ కాంప్లెక్సులో పాడేరు బస్సెక్కాం. చోడవరం దాటాక మాడుగుల దగ్గర అరకిలో హల్వా కొన్నాం, అది పాడేరు దాకా ఆగలేదు. ఘాట్ రోడ్డు, కాఫీ తోటలు, పాడేరులో మోదకొండమ్మ తల్లి దర్శనం, అన్నీ సాఫీగా జరిగిపోయాయి. పాడేరు నుంచి వంజంగి దాకా ఆటో వద్దని బ్యాగులు వేసుకుని నడిచాం, రెండు గంటలు పైనే పట్టింది. దారికి ఇరుపక్కలా వలిసె పూలు ఎక్కువ రాలిపోయాయి. నవంబరులో వచ్చుంటే పొలాలన్నీ పసుపు ఆరబోసినట్టుండేవి అన్నారు మాస్టారు.

సాయంత్రం ఐదున్నరకి క్యాంపు చేరాం. ఇరవై దాకా గుడారాలు, తాడుకి తాడు తగిలేంత దగ్గరగా. శనివారం. ఒక మూల ఆరడుగుల స్పీకరు, దాని ముందు పాతికమంది డాన్సులు. బొంగులో చికెన్ ఏదయ్యా అంటే "బొంగులు అయిపోయాయి సార్" అన్నాడు వంటవాడు. చుట్టూ కొండల నిండా వెదుళ్ళే. స్టీలు గిన్నెలో నీళ్ళ కూర, పలుకు పలుకుగా అన్నం పెట్టాడు. క్యాంప్‌ఫైర్ ప్యాకేజీలోదే కానీ కట్టెలు కాదట, కట్టెలకి విడిగా 300. ఇచ్చాం. పావుగంటకి ఆరిపోయింది. ఇవన్నీ ఓర్చుకోగలను. ఫ్లెక్సీని మాత్రం ఓర్చుకోలేకపోయాను.

స్లీపింగ్ బ్యాగు ఉంటే చాలనుకుంటాం గానీ, మన ఒంటి కింద పడే భాగం నలిగి పల్చబడిపోతుంది. దూది ఉబ్బుగా ఉండి మధ్యలో గాలి ఉంటేనే వెచ్చదనం. అడుగున గాలి లేదు, నేల మన వేడిని పీల్చేసుకుంటూ ఉంటుంది. అందుకే కింద మందమైన చాప వేసుకోమంటారు. నేను పావుకిలో తువ్వాలుతో పాటు మంచం కింద వదిలేసింది సరిగ్గా దాన్నే. చలికి భయపడి బామ్మర్ది గుడారం జిప్పులన్నీ మూసేశాడు. ముగ్గురి ఊపిరీ గుడ్డకి పట్టి నీళ్ళై, గంటకల్లా లోపలే చినుకులు మొదలయ్యాయి. ఫోన్లో 9 డిగ్రీలు. బయట స్పీకరు ఇంకా మోగుతూనే ఉంది. వెళ్ళి అడిగితే "పరుపంటే అదే సార్, వాటర్ ప్రూఫ్" అన్నాడు క్యాంపులో పనిచేసే కుర్రాడు. మేనేజరు ఫోన్ ఎత్తలేదు. బామ్మర్ది నా మొహం చూడటం మానేశాడు. పెనం తెచ్చుంటే కనీసం దాన్నైనా కొట్టి నిద్రలేపేవాణ్ణి అని గొణిగాడు.

పదిన్నరకి మాస్టారు లేచి టార్చి పట్టుకుని ఎటో వెళ్ళారు. పావుగంటకి వెనక్కొచ్చి, "అబ్బాయ్, లేవండి, గడ్డి దొరికింది" అన్నారు. క్యాంపుకి కాస్త కిందగా ఒక ఇల్లుంది. వాకిట్లో కొత్త వరిగడ్డి కుప్ప. ఆ ఇంటి పెద్దావిడ ఇంకా పొయ్యి దగ్గరే కూర్చునుంది. "గడ్డేటికి బాబూ, ఆవులున్నాయా?" అని అడిగింది. మాస్టారు "మేమేనమ్మా ఆవులం" అన్నారు. ఆవిడ నవ్వు ఆపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముగ్గురం మూడు మోపులు మోసుకొచ్చాం. వంద రూపాయలిస్తే వద్దు వద్దంటూనే తీసుకుంది.

ఆ గడ్డి జానెడు మందాన పరిచి, పైన ఫ్లెక్సీ వేసుకుని, దాని మీద పడుకున్నాం. మొదట గరగరమని చప్పుడు, మెడలో గుచ్చుకోవడం. కాసేపటికి అడుగు నుంచి మెల్లగా వేడి పుట్టుకొచ్చింది. గడ్డి పరకల మధ్య నిలిచిన గాలి మా ఒంటి వేడిని నేలలోకి పోనివ్వలేదు, అంతే. కొత్త గడ్డి వాసనకి నాకు మా అమ్మమ్మగారి ఊళ్ళో కళ్ళం గుర్తొచ్చింది. ఒక్క కన్నంత జిప్పు తెరిచి ఉంచమన్నారు మాస్టారు, చినుకులు ఆగిపోయాయి. బామ్మర్ది గురక అప్పుడు మొదలైంది.

నాలుగింటికి లేచి, బ్యాగులు కిందే వదిలి, తలకి లైట్లు కట్టుకుని కొండెక్కాం. దారి రాళ్ళు, బురద, ముందు వందమంది, వెనక వందమంది. పైన మేఘాలు కనిపించాయి, ఫొటోల్లో చూసినట్టే ఉన్నాయి. గాలి లేని రాత్రి చల్లగాలి లోయలోకి దిగి అక్కడే నిలిచిపోతే పొద్దున్నకి ఇలా తెల్లగా నిండుతుందని మాస్టారు వివరిస్తుంటే, పక్కనున్న కాలేజీ పిల్లలు సెల్ఫీలు ఆపి విన్నారు. ఎండెక్కాక మేఘం చెదిరిపోయింది. శనాదివారాలు వెళ్ళకండి, వారం మధ్యలో అయితే మీ కళ్ళకి మేఘాలు కనిపిస్తాయి, లేకపోతే ముందువాళ్ళ ఫోన్లే.

దిగేటప్పుడు బామ్మర్దికి మడమ మీద పొక్కు లేచింది. కొత్త బూట్లు, పల్చటి నూలు మేజోళ్ళు, చెమటకి తడిసి రాసుకుపోయాయి. మంట మొదలైనప్పుడే చెప్పుంటే ప్లాస్టరు వేసేవాళ్ళం, వాడు అలకలో ఉండి చెప్పలేదు. కుంటుతూనే మళ్ళీ ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళాం, గడ్డి తిరిగిచ్చే నెపంతో. చోడి అంబలి, అంటే రాగి అంబలి, పోసింది. పెద్ద సిల్వరు గిన్నె, లోపల కాస్త పులుపెక్కిన గోధుమరంగు చిక్కటి అంబలి, పక్కన ఉల్లిపాయ, కాల్చిన ఎండు మిరపకాయ. క్యాంపు వాడి టిఫిను చల్లారిన ఉప్మా అని తర్వాత తెలిసింది, మేం దాని మొహమే చూడలేదు. అంబలికి ఇంకో వంద ఇచ్చాం. బామ్మర్ది రెండు గిన్నెలు తాగి, రెండు రోజుల్లో మొదటిసారి నన్ను "బావా" అని మామూలుగా పిలిచాడు.

పాడేరులో ముగ్గురి భోజనం 360, రానుపోను బస్సు, టీలు, హల్వా కలిపి 1,610, స్లీపింగ్ బ్యాగులు రెండు రోజులకి 900. కొండ టికెట్టు కాక మొత్తం 7,867. ఇందులో సగానికి పైగా ఆ ఫ్లెక్సీకే పోయింది. గ్రామంలో ఎవరింట్లోనైనా ముందే మాట్లాడుకుని వాకిట్లో పడుకుంటే ఇంత అవదు. క్యాంపే కావాలంటే పరుపు ఫొటో వాట్సాప్‌లో పెట్టమని అడగండి, పెట్టకపోతే మీ చాప మీరు మోసుకెళ్ళండి.

ఇంటికొచ్చాక క్యాంపు ఆయన మూడోరోజు ఫోన్ ఎత్తాడు. "గడ్డి మీద పడుకున్నారంట కదా సార్, అదే అసలైన నేచురల్ ఎక్స్‌పీరియన్స్" అన్నాడు. గట్టిగా మాట్లాడితే 500 వెనక్కి వేశాడు. ఎంవీపీ కాలనీలో స్లీపింగ్ బ్యాగులు తిరిగివ్వడానికి వెళ్తే, లోపలంతా గడ్డిపరకలున్నాయని, శుభ్రం చేయించాలని అడ్వాన్సులో వంద కోసుకున్నారు.