అంజీర మొక్కలు తెప్పించుకునేవారికి హెచ్చరిక: ఆరు పేర్లకు డబ్బు కట్టాను, పండింది ఒకటే రకం

శంషాబాద్ దగ్గర మా ఇంటి వెనక రెండు వందల గజాల పెరడు ఉంది. మన ఎండకు ఏ అంజీర తట్టుకుంటుందో, ఏది తినడానికి బాగుంటుందో పెంచి చూద్దామని 2022 వర్షాకాలంలో ఆన్‌లైన్‌లో ఆరు మొక్కలు తెప్పించాను. బ్లాక్ మిషన్, బ్రౌన్ టర్కీ, కడోటా, డయానా, పూనా, స్మిర్నా. రవాణాతో కలిపి 5,400 రూపాయలు. అమ్మినవారి పేరు రాయడం లేదు. అవే ఫొటోలతో అవే పేర్లు అమ్ముతున్నవారు నాకే మరో నలుగురు కనిపించారు.

మొక్కలు నవనవలాడుతూ వచ్చాయి. ఏడు రోజుల్లో మొక్క చనిపోతే మరొకటి పంపుతామని హామీ కూడా ఇచ్చారు. కిటుకంతా అక్కడే ఉంది. అంజీర ఏ రకమో తేలేది పండు పండాకే. మా పెరట్లో అందుకు దాదాపు రెండేళ్లు పట్టింది. ఆకు చూసి పోల్చుకుందామంటే, ఒకే చెట్టు మీద మూడు తమ్మెల (చీలికల) ఆకు, ఐదు తమ్మెల ఆకు పక్కపక్కనే ఉంటాయి. అనుమానం వచ్చినా నిరూపించలేం.

2024 ఏప్రిల్‌లో నాలుగు మొక్కలు కాపుకు వచ్చాయి. కడోటా అయితే తొక్క పసుపు కలిసిన లేతాకుపచ్చగా, గుజ్జు తేనె రంగులో ఉండాలి. నాది గోధుమ కలిసిన ఊదా రంగుకు తిరిగింది. డయానా పసుపు పచ్చగా పండాలి, అదీ ఊదాయే. నాలుగు చెట్ల పండ్లనూ కోసి నాలుగు పళ్లేల్లో పెట్టి, ఏది దేనిదో చెప్పకుండా మా అత్తగారిని రుచి చూడమన్నాను. రెండో పళ్లెం దగ్గరే ఆగి, "ఒకే చెట్టు కాయలను నాలుగు పళ్లేల్లో సర్ది నన్ను పరీక్షిస్తున్నావా?" అన్నారు. నిజానికి తీపి తక్కువేమీ కాదు. అయితే నాలుగూ ఒకటే తీపి.

అమ్మినవారికి ఫోను చేస్తే, వాతావరణం మారితే రంగు మారుతుందన్నారు. ఎండ ఎక్కువైతే రంగు ముదరడం, నీడలో పాలిపోవడం నిజమే. అంతమాత్రాన పసుపు రకం ఊదా పండ్లు కాయదు.

స్మిర్నా కథ మరీ విచిత్రం. రెండు కాపుల్లోనూ కాయలు గోలీకాయంత కాగానే పసుపెక్కి రాలిపోయాయి. అమ్మినవారు బోరాన్ అనే సూక్ష్మపోషకం చల్లమన్నారు, చల్లాను. తరవాత చదివితే తెలిసింది: ఆ రకం కాయ నిలవాలంటే మగ అంజీర చెట్టు పుప్పొడిని ఒక చిన్న కందిరీగ మోసుకురావాలి. కాలిఫోర్నియాలో ఈ రకం వేసినవారికి 1899లో ఆ పురుగును తెచ్చి నిలబెట్టుకున్నాకే పంట చేతికొచ్చింది. మన మేడిచెట్టుకు వచ్చే కందిరీగ వేరు, దానితో ఈ పని జరగదు. అంటే ఆరింటిలో పేరుకు తగ్గ మొక్క బహుశా ఇదొక్కటే, అదే కాయదు!

ఇంతవరకూ పోయింది డబ్బు. పూనా అని పంపిన మొక్క నా మట్టినే పాడుచేసింది. గిడసబారి పోతుంటే పీకి చూశాను. వేళ్ల నిండా పూసలు గుచ్చినట్లు బుడిపెలు. అవి మట్టిలో ఉండి వేళ్లను పట్టే నులిపురుగుల పని. పక్క మడిలోని వంగ, టమాటాలకూ అంటుకున్నాయి. మేలో మట్టిని తడిపి పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పాను, వేపపిండి వేశాను, బంతి నాటాను. తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. కొత్త మొక్క రాగానే సంచి చించి, మట్టి కడిగి వేళ్లు చూడండి. ఇబ్బందనిపించినా చూడండి. నేను చూడలేదు.

నన్నడిగితే పేరు చూసి కొనవద్దు. పండు తిన్న చెట్టు నుంచే కొమ్మ అడగండి. చలికాలంలో కొమ్మలు కత్తిరించేటప్పుడు పెన్సిలంత లావున్న కొమ్మను జానెడు కోసి ఇసుక మట్టిలో గుచ్చితే చాలావరకు వేళ్లూనుతుంది. అలాంటి మొక్కకు తొమ్మిది వందలు పోశాను. కొనక తప్పకపోతే మొక్క పేరు, ఫొటో ఉన్న ప్రకటననూ బిల్లునూ దాచుకోండి. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయాలన్నా అవి కావాలి. నా దగ్గర బిల్లు ఒక్కటే మిగిలింది, అందులో "పండ్ల మొక్కలు 6" అని మాత్రమే ఉంది.

చెట్లకు కట్టిన పేరు చీటీలు తీసేశాను. కొమ్మలు కావాలంటే జనవరిలో ఇస్తాను. మట్టితో మొక్క ఇవ్వను. రకం పేరు అడగవద్దు.