హ్యాండిల్ మార్చడం: షోరూమ్‌లో ఒకటి, ఇంట్లో ఒకటి, కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మా ఇంట్లో రెండు బళ్లున్నాయి. నాన్నగారి స్ప్లెండర్ ప్లస్, నా పాత మోడల్ క్లాసిక్ 350. రెండింటికీ హ్యాండిల్ మార్చాల్సి వచ్చింది. నాన్న బండిది షోరూమ్‌లో మార్పించాం, నాది ఇంటి పార్కింగ్‌లో నేనే మార్చుకున్నాను. అప్పట్నుంచి రెండూ విశాఖ రోడ్ల మీద, వానల్లో, సముద్రపు గాలిలో తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి ఏది ఎలా నిలిచిందో ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను. కంపెనీ హ్యాండిల్ ఆకారంలోనే ఉన్నది వేస్తుంటే, పాత వైర్లూ బ్రేక్ పైపూ దానికి సరిపోతుంటే, ఇంట్లోనే మార్చుకోండి. మిగిలే డబ్బు తక్కువే. కానీ మీ చేతులకీ భుజాలకీ కుదిరేలా నిదానంగా సెట్ చేసుకునే తీరిక మీకు ఉంటుంది, రోజంతా బళ్ల క్యూ ఉండే షోరూమ్ మెకానిక్‌కి ఉండదు.

నాన్న బండి తడి రోడ్డు మీద జారి కుడివైపుకి పడింది. ఆయనకి దెబ్బలేమీ తగల్లేదు గానీ హ్యాండిల్ వంగింది. ఉదయం ఇచ్చి సాయంత్రం తెచ్చుకున్నాం. స్ప్లెండర్ హ్యాండిల్ ఖరీదు తక్కువే. దాని మీద లేబర్, లేబర్ మీద 18 శాతం జీఎస్టీ, పాత గ్రిప్పులు కోసి తీశారు కాబట్టి కొత్త గ్రిప్పులు, అన్నీ కలిపితే బిల్లు పార్టు ధరకి రెట్టింపు దాటింది. పని తప్పుగా చేశారని అనను. హ్యాండిల్ నిటారుగా ఉంది, బోల్టులు గట్టిగా ఉన్నాయి, స్విచ్‌లన్నీ పనిచేశాయి. కానీ లివర్లు పైకి తిరిగి ఉన్నాయి. క్లచ్ పట్టుకున్న ప్రతిసారీ నాన్న మణికట్టు వెనక్కి వంగేది. ట్రాఫిక్‌లో వచ్చిన రోజు చెయ్యి లాగుతోందనేవారు. పైగా హ్యాండిల్ పూర్తిగా కుడివైపు తిప్పితే క్లచ్ వైరు బిగుసుకునేది. కొన్ని నెలలకి లివర్ దగ్గర వైరు పోగులు తెగడం మొదలైంది. చెబితే దారి మార్చి వేశారు, డబ్బు తీసుకోలేదు. లివర్ల వంపు మాత్రం నేనే ఇంట్లో ఒక్క పానాతో సరిచేశాను. నాన్న చెయ్యి నొప్పి ఆ వారంలోనే పోయింది. నా బండి పని నేనే చేసుకోవచ్చన్న ధైర్యం నాకు వచ్చింది అక్కడే.

ఇక్కడ ఒక మాట. బండి పడ్డాక హ్యాండిల్ పక్కకి కనిపిస్తే వెంటనే కొత్తది కొనకండి. చాలాసార్లు వంగేది హ్యాండిల్ కాదు. ముందు చక్రాన్ని మోసే ఫోర్కులు, వాటిని పట్టుకునే క్లాంపుల్లో కొంచెం మెలితిరుగుతాయి. ఆ బోల్టులు వదులు చేసి చక్రాన్ని సరిచేసి మళ్లీ బిగిస్తే హ్యాండిల్ దానంతటదే నిటారుగా వస్తుంది. నిజంగా పైపే వంగిందో లేదో తేలాలంటే దాన్ని విప్పి సమంగా ఉన్న గచ్చు మీద పెట్టి రెండు కొసల ఎత్తూ చూడాలి. వంగితే మాత్రం కొట్టి సాపు చేయించవద్దు. వంగి మళ్లీ సాగిన చోట లోహం బలహీనపడుతుంది, అది ఎప్పుడు విరుగుతుందో బయటికి తెలియదు. చేతిలో హ్యాండిల్ విరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

నా క్లాసిక్ పడలేదు. తుప్పు పట్టింది. సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్లకి ఈ బాధ తెలుసు. క్రోమ్ మీద ముందు చిన్న చుక్కలు వస్తాయి, తర్వాత పెచ్చులు లేస్తాయి. గ్రిప్ కింద చూస్తే ఇంకా ఘోరం. అదే ఆకారంలో కంపెనీ హ్యాండిల్ తీసుకున్నాను. బయట కొనేవాళ్లు చూడాల్సినవి రెండు. ఒకటి పైపు లావు (వ్యాసం): మన దగ్గర మామూలు బళ్లలో ఎక్కువ వాటికి 22 ఎంఎం పైపు, కొన్ని పెద్ద బళ్లకి క్లాంపు దగ్గర 28.6 ఎంఎం ఉంటుంది. రెండోది స్విచ్ రంధ్రం. స్విచ్ డబ్బా లోపల చిన్న మొలక ఉంటుంది, అది పైపులో ఉన్న రంధ్రంలో కూర్చుంటేనే స్విచ్ తిరగకుండా నిలుస్తుంది. బయట దొరికే చాలా హ్యాండిళ్లకి ఆ రంధ్రం ఉండదు. కొందరు మొలకనే కోసేస్తారు. అలా చేయకండి, కొలత చూసి పైపుకే రంధ్రం వేయించండి.

విప్పే ముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకోవాలి. ఏ వైరు ఏ వైపు నుంచి, ఏ క్లిప్పు కింద నుంచి పోతోందో అన్నీ. ట్యాంకు మీద మందపాటి దుప్పటి పరిచాను, ఎందుకంటే బ్రేక్ ఆయిల్ ఒక్క చుక్క పడినా పెయింట్ లేచిపోతుంది. బ్రేక్ పైపు విప్పలేదు, విప్పాల్సిన పనీ లేదు. మాస్టర్ సిలిండర్‌ని (బ్రేక్ లివర్ దగ్గర ఆయిల్ ఉండే భాగాన్ని) క్లాంపుతో సహా తీసి, మూత పైకే ఉండేలా తాడుతో కట్టి పక్కన వేలాడదీశాను. తలకిందులైతే పైపులోకి గాలి చేరి బ్రేక్ మెత్తబడుతుంది. తిరిగి పెట్టేటప్పుడు దాని క్లాంపు మీద ‘అప్’ అన్న గుర్తు పైకి ఉండాలి. ముందు పై బోల్టు, ఆ తర్వాత కింద బోల్టు బిగించాలి.

హ్యాండిల్‌ని పట్టుకునే పెద్ద క్లాంపుల్లో తేడాలుంటాయి. కొన్ని బళ్లకి ముందూ వెనకా సందు సమానంగా ఉండాలి. కొన్నింటికి ముందు బోల్టులు సందు లేకుండా బిగించి, వెనక సందు వదిలేయాలి. క్లాంపు మీద చుక్కో బాణమో ఉంటే అది ముందువైపుకి రావాలి. 8 ఎంఎం బోల్టులకి సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల బిగుతు చెబుతారు, మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించండి. బిగుతు కొలిచి చూపే టార్క్ రెంచ్ లేకపోతే తెలిసిన షెడ్డులో ఒక గంట అడిగి తెచ్చుకోండి. అంచనాతో ఎక్కువ బిగిస్తే అల్యూమినియం మరలు పోతాయి, అప్పుడు ఖర్చు హ్యాండిల్‌తో ఆగదు.

గ్రిప్పుల దగ్గరే నాకు ఎక్కువ టైం పట్టింది. ఎడమ గ్రిప్‌కి గ్రిప్ జిగురు రాసి ఎక్కించి రాత్రంతా ఆరనిచ్చాను. సబ్బునీళ్లతో ఎక్కిస్తే సులువే గానీ వానాకాలంలో గ్రిప్ మెల్లగా తిరగడం మొదలవుతుంది. చేతిలో గ్రిప్ జారడం కంటే ప్రమాదం లేదు. కుడివైపు ఎక్సలేటర్ గొట్టం పైపు మీద స్వేచ్ఛగా తిరగాలి. దాని కొసకీ హ్యాండిల్ చివర ఉండే బరువుకీ మధ్య సన్నని సందు వదలాలి. చెయ్యి తీయగానే ఎక్సలేటర్ టక్కున వెనక్కి రాకపోతే బండి రోడ్డెక్కకూడదు.

అసలు పని అంతా బిగించాక మొదలవుతుంది. బండి మీద మామూలుగా కూర్చుని, కళ్లు మూసుకుని, చేతులు ఎక్కడ వాలితే అక్కడ గ్రిప్పులు ఉన్నాయా చూసుకున్నాను. మోచేయి కొంచెం వంగి ఉండాలి. వేళ్లు లివర్ మీద పెట్టినప్పుడు ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండాలి. హ్యాండిల్‌ని ఒక్క చిటికెడు ముందుకి తిప్పితే భుజాల మీద, వెనక్కి తిప్పితే మణికట్టు మీద భారం పడుతుంది. నేను బిగించి, భీమిలి దాకా వెళ్లొచ్చి, మళ్లీ వదులు చేసి కాస్త వెనక్కి తిప్పాను. మర్నాడు ఇంకొంచెం. షోరూమ్‌లో ఇలా రోజూ వెళ్లి ‘ఇంకొంచెం తిప్పండి’ అనగలమా? ఇంట్లో అయితే ఎవరూ విసుక్కోరు. ఆ సర్దుబాటు అయ్యాక అరకు ఘాట్ ఎక్కి దిగినా భుజాలు పట్టేయలేదు. పాత హ్యాండిల్‌తో అనంతగిరి దగ్గరే ఆగి చేతులు విదిలించుకునేవాణ్ని.

చివరి పరీక్ష తప్పనిసరి. ఇంజిన్ ఆన్ చేసి, న్యూట్రల్‌లో హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పాలి. ఇంజిన్ రేజ్ దానంతటదే పెరిగితే ఎక్సలేటర్ వైరు లాగుతున్నట్టు. క్లచ్ లివర్ బిగుసుకుంటే దాని వైరు లాగుతున్నట్టు. హ్యాండిల్ కొస ట్యాంకుకి తగలకూడదు, బ్రేక్ పైపు మెలిక పడకూడదు, హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు రెండు కొసల్లోనూ పనిచేయాలి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టుల బిగుతు మళ్లీ చూడాలి. నాకు ఒక బోల్టు కొంచెం తిరిగింది, ఆ తర్వాత ఎప్పుడూ కదల్లేదు.

తుప్పు సంగతి. బిగించే ముందు పైపు లోపల తుప్పు పట్టకుండా స్ప్రే కొట్టాను, బయట క్రోమ్‌కి వ్యాక్స్ రాశాను. వ్యాక్స్ వానాకాలానికి ముందూ తర్వాతా రాస్తూనే ఉన్నాను. నా హ్యాండిల్ ఇప్పటికీ శుభ్రంగా ఉంది. షోరూమ్‌లో వేసిన నాన్న బండి హ్యాండిల్‌కి క్లాంపుల పక్కన అప్పుడే చుక్కలు వచ్చాయి. అది వాళ్ల తప్పని కాదు, ఆ పని జాబ్ కార్డులో ఉండదు.

షోరూమ్‌కే వెళ్లాల్సిన సందర్భాలూ ఉన్నాయి, వాటిలో నేనూ వెళ్తాను. ఎత్తు హ్యాండిల్‌కో, హ్యాండిల్‌ని పైకి లేపే రైజర్లకో బ్రేక్ పైపు మార్చాల్సి వస్తే ఆయిల్ నింపి గాలి తీయాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నింటికీ ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. ఆ యూనిట్ లోపలికి గాలి చేరితే కొన్నింటికి కంప్యూటర్ పెట్టి తీయాల్సి వస్తుంది. పెద్ద యాక్సిడెంట్ అయితే కూడా చెయ్యి పెట్టకండి. ఫోర్కు, ఫ్రేము, కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) చూడాలి, ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చేదాకా ఏదీ విప్పకూడదు. హ్యాండిల్ ఒక్కటే వంగితే మాత్రం క్లెయిమ్ దండగ. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గింపు) మొదటి ఏడాది 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది, అంత చిన్న పార్టు కోసం దాన్ని పోగొట్టుకోవడంలో అర్థం లేదు. ఇక బండి ఆకారమే మారేంత పొడవు హ్యాండిళ్లు వేసేవాళ్లు మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చదువుకోవాలి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కీ ఆర్సీకీ తేడా వచ్చే మార్పుల్ని అది ఒప్పుకోదు.

షోరూమ్‌లో చేయించుకునేవాళ్లు డెలివరీ తీసుకునే ముందు అక్కడే బండి మీద కూర్చోండి. ఇంజిన్ ఆన్‌లో రెండు వైపులా తిప్పి చూడండి, లివర్ల వంపు మీ చేతికి సెట్ చేయమని అడగండి. మెకానిక్‌కి అది రెండు నిమిషాల పని, అడిగితే చేసి పెడతారు.