వాట్ సకేత్ నుంచి వాట్ పో దాకా: రాజవీధి మేలా, విగ్రహాల బజారు మేలా?

బ్యాంకాక్ వెళ్ళే మనవాళ్ళలో చాలామంది వాట్ పో గుడిలో పడుకున్న బుద్ధుణ్ణి చూస్తారు (వాట్ అంటే గుడి). ఓపికుంటే వాట్ సకేత్‌లోని బంగారు కొండ కూడా ఎక్కుతారు. ఈ రెండింటి మధ్యా మాత్రం టుక్‌టుక్ ఎక్కి ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. మ్యాపులో సూటిగా గీత గీస్తే రెండు కిలోమీటర్లు కూడా రాని దూరం అది. పాత బ్యాంకాక్‌లో చూడదగ్గది సగం ఆ ముక్కలోనే ఉంది. నడవాల్సిందే. ఎటుగా నడవాలన్నదే తేల్చుకోవాలి.

దారులు రెండు. ఉత్తరాన రాచదమ్నోన్ అనే రాజవీధి మీదుగా పోతే దాదాపు మూడు కిలోమీటర్లు. దక్షిణాన బమ్రుంగ్ మువాంగ్ రోడ్డు పట్టుకుంటే రెండున్నర లోపే. పొద్దున్నయితే రెండో ఆలోచన లేకుండా దక్షిణం దారే పట్టండంటాను. సాయంత్రమైతే లెక్క మారుతుంది. ఎందుకో చెబుతాను.

ముందు ఎక్కడ మొదలుపెట్టాలన్న సంగతి. పొద్దున వాట్ సకేత్‌లో మొదలుపెడితే పడమటికి నడుస్తారు కాబట్టి ఎండ వీపు మీద పడుతుంది, కళ్ళలో కొట్టదు. పైగా 344 మెట్లు చల్లటి పూటే అయిపోతాయి. అవి కొండను చుట్టుకుంటూ మెల్లగా పైకి పోతాయి కాబట్టి అలిపిరి ఎక్కినవాళ్ళకు లెక్కే కాదు. అసలది కొండే కాదు. మూడో రాముడి కాలంలో (ఇక్కడి రాజుల్ని రాముడని వరస అంకెతో పిలుస్తారు) ఇక్కడ పెద్ద స్తూపం కట్టబోతే బ్యాంకాక్ బురద నేల బరువు మోయలేక అది కూలిపోయింది. ఆ దిబ్బనే గట్టిపరిచి తర్వాతి రాజులు పైన బంగారు స్తూపం నిలబెట్టారు. 1898లో మన ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వాలో తవ్వకాల్లో బయటపడ్డ బుద్ధ ధాతువుల్ని, అంటే బుద్ధుడి అస్థికల్ని, బ్రిటిష్ ప్రభుత్వం సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజు చులలోంకోర్న్‌కు అప్పగించింది. వాటిలో కొంత భాగం ఈ స్తూపంలోనే ఉంది. అంటే మన దేశపు మట్టిలోంచి వచ్చినదానికి ఈ ఊళ్ళో దండం పెట్టుకుంటున్నామన్నమాట. ఈ ముక్క చెప్పే గైడు నాకింతవరకూ తగల్లేదు.

ఇక రాజవీధి. అయిదో రాముడు, అంటే ఆ చులలోంకోర్నే, యూరప్ చూసి వచ్చాక పారిస్ షాంజెలీజే తరహాలో వేయించిన రోడ్డు ఇది. కొండ దిగి మహాకాన్ బురుజు దాటగానే ఎడమపక్క లోహ ప్రాసాదం కనిపిస్తుంది. నల్లగా కొన్నాళ్ళు, బంగారు రంగులో ఇప్పుడు, మొత్తం 37 శిఖరాలు. బోధిపక్షీయ ధర్మాలు, అంటే జ్ఞానోదయానికి తోడ్పడే గుణాలు, ముప్పైయేడు కాబట్టి అన్ని కట్టారు. ఒకప్పుడు దాని ముందు ఒక సినిమా హాలు అడ్డంగా ఉండేది. 1989లో దాన్ని పడగొట్టాకే రోడ్డు మీదివాళ్ళకు ఈ కట్టడం కనబడింది. ఉత్తరం దారిలో ఆగి తీరాల్సింది ఇదొక్కటే అని నా అభిప్రాయం. లోపలి మెలికల మెట్లెక్కి పైకి పోతే బంగారు కొండ ఎదురుగా ఉంటుంది.

ఆ తర్వాత ప్రజాస్వామ్య స్మారకం. నాలుగు రెక్కల ఎత్తు ఒక్కొక్కటీ 24 మీటర్లు, రాజుల నిరంకుశ పాలనను ముగించిన 1932 జూన్ 24 విప్లవానికి గుర్తు. చరిత్ర తెలిసినవాళ్ళకు బాగుంటుంది. తెలియనివాళ్ళకు అది ట్రాఫిక్ మధ్యలో ఉన్న పెద్ద రౌండ్‌అబౌట్. అక్కణ్ణుంచి సనామ్ లువాంగ్ మైదానం దాకా వెడల్పాటి పేవ్‌మెంట్, 1940ల నాటి ఒకే రకం మేడలు, ఎడతెగని వాహనాలు. మైదానం చుట్టూ చింతచెట్లున్నాయి, వాటి కిందే నడవాలి. మధ్యలోంచి అడ్డంగా పోదామనుకుంటే మిట్టమధ్యాహ్నం తల మాడిపోతుంది. చివరి ముక్కంతా రాజప్రాసాదం తెల్లగోడ పక్కనే. గోడ అందంగానే ఉంటుంది గానీ ఎంతసేపని చూస్తాం?

దక్షిణం దారి ఇలా ఉండదు. బంగారు కొండ నుంచి బొరిపత్ రోడ్డులో దక్షిణానికి దిగితే ముందు కలప దుకాణాలు వస్తాయి. తలుపులు, గుమ్మాలు, మెట్లకు చెక్క పిడులు రోడ్డు దాకా ఆనించి ఉంటాయి, రంపప్పొట్టు వాసన. బమ్రుంగ్ మువాంగ్ రోడ్డు దాటితే బాన్ బాత్ అనే చిన్న సందు. భిక్షువులు పొద్దున్నే చేతపట్టుకుని తిరిగే భిక్షాపాత్రలు చేత్తో చేసే పేట అది. ఎనిమిది ఇనుప ముక్కల్ని కలిపి అతికి, సుత్తితో గుండ్రంగా కొట్టి పాత్ర చేస్తారు. ధర్మచక్రానికి ఆకులు ఎనిమిది కదా, అదీ లెక్క. యంత్రాలతో చేసిన చవక పాత్రలు వచ్చాక ఈ పని చేసే ఇళ్ళు కొన్నే మిగిలాయి. అడ్రసు వెతకడం కంటే సుత్తి దెబ్బల చప్పుడు పట్టుకుని పోవడం తేలిక. చూసి ఊరికే వచ్చేయడానికి మొహమాటపడేవాళ్ళు ముందే తెలుసుకోండి, చేతిపని పాత్ర చవక కాదు.

వెనక్కొచ్చి బమ్రుంగ్ మువాంగ్ మీద పడమటికి తిరగండి. కాలువ దాటితే సమ్రాన్ రాత్ కూడలి. దాని పాత పేరు ప్రతూ ఫీ, దయ్యాల వాకిలి. కోట లోపల శవదహనం కూడదు కాబట్టి చనిపోయినవాళ్ళను ఈ వాకిట్లోంచే బయటికి తెచ్చి వాట్ సకేత్‌కు మోసుకుపోయేవాళ్ళు. 1820 కలరాలో శవాలు కాల్చలేనంతగా పేరుకుపోయి రాబందులు వాలాయి. వాట్ సకేత్ రాబందులు అన్న మాట థాయ్‌లలో ఇప్పటికీ ఉంది. ఇప్పుడు అదే కూడలి దగ్గర పాడ్ థాయ్ నూడుల్స్ కోసం జనం క్యూ కడుతున్నారు. శాకాహారులు గుడ్డు, రొయ్యలు వద్దన్నంత మాత్రాన సరిపోదు, చేపల సాస్ పడుతుంది. ‘మై సై నామ్ ప్లా’ అని కూడా అనండి.

కూడలి దాటాక మొదలవుతుంది అసలు బజారు. ఏనుగుల బాటగా ఉన్నదాన్ని నాలుగో రాముడు 1863 ప్రాంతంలో పక్కా రోడ్డు చేశాడు. ఇవాళ రెండు వైపులా గుడి సామాన్ల షాపులు: కాషాయ వస్త్రాలు, భిక్షువులకు దానమిచ్చే సబ్బు, టూత్‌పేస్టు, టార్చిలైటు సర్దిన నారింజరంగు బకెట్లు, గొడుగులు, గంటలు. పేవ్‌మెంట్ మీద మనిషెత్తు బుద్ధులు, కొందరు ప్లాస్టిక్ చుట్టుకుని, కొందరు ఇంకా బంగారు పూత పడక. గుళ్ళో నోరెత్తకుండా చూసే విగ్రహాన్ని ఇక్కడ ఇద్దరు కూలీలు ‘మెల్లగా, మెల్లగా’ అనుకుంటూ పికప్ వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటారు. నాకు ఈ దారి నచ్చడానికి కారణం ఇదే. రెండు గుళ్ళూ దేనితో నడుస్తాయో ఈ అర కిలోమీటరులో తెలిసిపోతుంది. రాజవీధి రాజు చూపించదలచుకున్నది చూపిస్తుంది. ఈ రోడ్డుకు చూపించాలన్న ఆలోచనే లేదు.

షాపులు అయిపోయేచోట ఎర్రటి పెద్ద ఉయ్యాల స్తంభాలు, సావో చింగ్ చా. 1784లో మొదటి రాముడు పక్కనున్న బ్రాహ్మణ దేవస్థానం ముందు నిలబెట్టించాడు. యువకులు పైకెగిరేలా ఊగుతూ నాణేల సంచిని పళ్ళతో అందుకునేవాళ్ళు, కింద పడి చచ్చినవాళ్ళూ ఉన్నారు. 1930ల్లో ఆపేశారు. ఇప్పుడు ఊగే పలక లేదు, టేకు స్తంభాలే. ఆ ఉయ్యాల పండగ పేరు త్రియంపవాయ్, త్రిపవాయ్. తిరువెంబావై, తిరుప్పావైలే! తిరుప్పావై అంటే ధనుర్మాసంలో తిరుమల కొండ మీద సుప్రభాతానికి బదులు వినబడే ఆండాళ్ పాశురాలు, తిరువెంబావై అంటే శివుడి మీద మాణిక్యవాచకర్ పాడిన తమిళ పాటలు. దక్షిణ దేశం నుంచి పోయిన బ్రాహ్మణుల నోట యాస మారిపోయిన తమిళ పాటలు ఇక్కడి దేవస్థానంలో నేటికీ జనవరి ప్రాంతంలో వినబడతాయి. ఎదురుగా వాట్ సుథాత్‌లో పాత రాజధాని సుఖోథాయ్ నుంచి నది మీద తెచ్చిన ఎనిమిది మీటర్ల కంచు శాక్యముని. జనం తక్కువ, చల్లటి గచ్చు. కాసేపు కూర్చోండి.

అక్కణ్ణుంచి కాలువ దాకా నడక మామూలుగా ఉంటుంది. వంతెన దగ్గర పూలదండలు వేసిన పంది విగ్రహం కనిపిస్తే కంగారు పడకండి, అది పంది సంవత్సరంలో పుట్టిన ఒక రాణి గౌరవార్థం 1913లో పెట్టినది. సరన్‌రోమ్ పార్కు దాటితే వాట్ పో గోడ. 46 మీటర్ల శయన బుద్ధుణ్ణి చూశాక వెంటనే బయటపడకుండా ప్రధాన మందిరం చుట్టూ ఉన్న పాలరాతి రామాయణ శిల్పాలు కూడా చూడండి. మనవాళ్ళు వాటిని వదిలేసి వచ్చేస్తుంటారు.

నీడ విషయంలోనూ దక్షిణం దారే నయం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు దక్షిణంగా ఉంటాడు, తూర్పు పడమరలుగా పోయే ఇరుకు రోడ్డులో దక్షిణపు పేవ్‌మెంట్ మీద మేడల నీడ పడుతుంది. ఏప్రిల్‌లో ఏ దారీ వద్దు. అయితే ఇరుకే దీని లోపం. విగ్రహాలు, బకెట్లు సగం పేవ్‌మెంట్ ఆక్రమిస్తాయి. వీల్‌చెయిరో, పిల్లల బండో ఉంటే రాజవీధే మంచిది.

మెట్రో సంగతి అడిగేవాళ్ళున్నారు. సామ్ యోత్ నుంచి వాట్ పో దగ్గరి సనామ్ చై ఒక్క స్టేషనే, కానీ వాట్ సకేత్ నుంచి సామ్ యోత్ చేరడానికే కిలోమీటరు పైన నడవాలి. దానికన్నా తిన్నగా నడవడం నయం. వాట్ పో నుంచి హోటలుకు తిరిగి పోయేటప్పుడు మెట్రో వాడుకోండి. టుక్‌టుక్ ఎక్కితే బేరం ముందే తేల్చుకోండి. ‘ఈరోజు గుడి మూసేశారు, వేరే చోటు చూపిస్తా’ అన్న మాట వినపడితే మారు మాట్లాడకుండా నడిచిపోండి.

సాయంత్రం మాత్రం లెక్క తిరగబడుతుంది. బమ్రుంగ్ మువాంగ్ షాపులు పొద్దువాలితే షట్టర్లు దించేస్తాయి. షట్టర్ల మధ్య నడవడానికి అంత దూరం పోనక్కర్లేదు. అప్పుడు వాట్ పో నుంచి మొదలుపెట్టి రాజవీధి పట్టండి. ఎండ మళ్ళీ వీపు వైపే. లోహ ప్రాసాదానికి దీపాలు పెడతారు. బంగారు కొండ ఏడింటికి మూసేస్తారు కాబట్టి నాలుగున్నరకల్లా బయల్దేరితేనే పైనుంచి సూర్యాస్తమయం దక్కుతుంది. లోయ్ క్రథోంగ్ రోజుల్లో, అంటే మన కార్తీక పౌర్ణమి వేళకు, స్తూపానికి ఎర్రబట్ట చుట్టి కొండ కింద జాతర చేస్తారు. ఆ వారంలో వెళ్తే మెట్ల మీద జనం కదలరు. కొండ పొద్దున్నే ఎక్కి దిగిపోయి, జాతర కోసం రాత్రికి మళ్ళీ రండి.