మాట రాని బిడ్డకు బొమ్మ కార్డులా, ట్యాబ్‌లో యాపా: ఏది మేలు?

ఆటిజం ఉన్న బిడ్డకు మూడు నాలుగేళ్లొచ్చినా మాట రాకపోతే మా తిరుపతిలో బంధువులంతా చెప్పేది ఒకటే, "వస్తుందిలే, కొన్నాళ్లు చూడండి" అని. చూస్తూ కూర్చోకండి. మాట వచ్చేలోపు బొమ్మ ఉన్న కార్డు చేతికిచ్చో, ట్యాబ్‌లో బొమ్మ నొక్కి దాని చేత పలికించో కావాల్సింది చెప్పుకోవడం నేర్పొచ్చు. బొమ్మలు అలవాటైతే ఇక నోరే తెరవడని భయపడేవాళ్లు ఎక్కువ, కానీ 2006లో వచ్చిన ఒక పరిశోధన సమీక్షలో, ఎదుగుదల సమస్యలుండి ఇలాంటివి వాడినవాళ్లలో గట్టి ఆధారం దొరికిన 27 మందిని చూస్తే ఒక్కరికీ మాట తగ్గలేదు, చాలామందికి ఎంతోకొంత పెరిగింది కూడా.

కార్డుల్లో పేరున్న పద్ధతి పెక్స్, అంటే బొమ్మ ఇచ్చి కావాల్సింది తీసుకోవడం నేర్పడం. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ మొదలుపెట్టారు. బిడ్డ ఎదురుగా ఒకరు మురుకు పట్టుకుని కూర్చుంటారు, వెనక ఇంకొకరు. వాడు మురుకు కోసం చెయ్యి చాపగానే వెనకున్నవాళ్లు ఆ చేత్తో మురుకు బొమ్మ కార్డు తీయించి ఎదుటివాళ్ల అరచేతిలో పెట్టిస్తారు, బొమ్మ అందగానే "మురుకు!" అంటూ మురుకు ఇచ్చేయాలి. ముందుగా "ఏం కావాలి నాయనా" అని మాత్రం అడగొద్దు, అడిగితే తప్ప చెప్పకపోవడం అలవాటైపోతుంది. మన దగ్గరికి వచ్చి అడగడమే తెలియని బిడ్డకు నేనైతే దీంతోనే మొదలుపెట్టమంటాను.

యాప్ బలం గొంతు. మా అమ్మ వంటింట్లో పప్పు ఎనుపుతుంటే వెనక నుంచి ట్యాబ్ "నీళ్లు" అంది, ఆమె గుత్తి పక్కన పెట్టి మావాడి వైపు తిరిగింది. కార్డయితే వాడు దగ్గరికెళ్లి కొంగు లాగాల్సిందే. పైగా కార్డులో కొత్త మాట కావాలంటే ప్రింటు, లామినేషన్, వెల్క్రో అన్నీ చూసుకోవాలి, యాప్‌లో అయితే ఫోటో తీసి చేర్చేస్తే చాలు. చెన్నైలో తయారైన ఆవాజ్ అనే యాప్ ఉంది, ఐఐటీ బొంబాయి వాళ్ల జెల్లో యాప్ ఉచితం. ఏదైనా సరే, తెలుగు గొంతు బిడ్డకు అర్థమవుతుందో లేదో డబ్బు కట్టకముందే వినిపించి చూడండి. బొమ్మలు గుర్తుపట్టి, కావాల్సిందాని దగ్గరికి మన చెయ్యి పట్టి లాక్కెళ్లే బిడ్డకైతే నేరుగా యాప్ పెట్టేయొచ్చు, కార్డులన్నీ దాటాకే రావాలని రూలేం లేదు.

అయితే యూట్యూబ్ చూసే ఫోనులోనే ఇది పెడితే బిడ్డ వేలు యూట్యూబ్ మీదికే పోతుంది, అందుకని పాతదైనా సరే వేరే ట్యాబ్ ఇవ్వండి. అల్లరి చేశాడని దాన్ని లాక్కోకండి, అది వాడి నోరు. మీరు కూడా "అన్నం తిందాం" అంటూ అన్నం బొమ్మ నొక్కుతూ ఉండాలి, చంటిబిడ్డ ఏడాదిపాటు మన మాటలు విన్నాకే కదా తను పలికేది.

ట్యాబ్ కొన్నా కార్డులు పారేయొద్దు. తిరుమల దర్శనం క్యూలోకి సెల్‌ఫోన్లు రానివ్వరు, ఆ జనంలో, ఆ గోలలోనే బిడ్డకు చెప్పుకోవాల్సింది ఎక్కువ ఉంటుంది. ఊళ్లో ఉండే అవ్వకు కూడా ట్యాబ్ కన్నా చేతికిచ్చే బొమ్మే సులువు. అందుకే మా ఇంట్లో రెండూ నడుస్తున్నాయి, మొదట ఏది అనేది మాత్రం స్పీచ్ థెరపిస్టు బిడ్డను చూశాకే తేల్చుకోండి.

మొదట చేయించే బొమ్మల్లో తినేవే కాకుండా "వద్దు", "చాలు", "నొప్పి" కూడా ఉండాలి. వాడు "చాలు" చూపిస్తే, ఇంకో రెండు ముద్దలే మిగిలున్నా సరే, అక్కడికి ఆపేయండి.